స్లైమ్‌వీఆర్: పది నిమిషాలకే కుడికాలు పక్కకి తిరిగిపోతోంది

బల్లార్షా_వీఆర్:
వీఆర్ ఆటల్లో ఒంటి కదలికలు పట్టే స్లైమ్‌వీఆర్ ట్రాకర్లు, సొంతంగా సోల్డర్ చేసిన సెట్టు. డీ1 మినీ వైఫై బోర్డులు, బీఎంఐ160 కదలిక సెన్సర్లు, 18650 లిథియం సెల్లు. ఛాతీ, నడుం, తొడలు, పిక్కలు, మొత్తం ఆరు ట్రాకర్లు. రీసెట్ కొట్టగానే బాగానే ఉంటాయి. పది నిమిషాలయ్యేసరికి కుడి తొడ, కుడి పిక్క బయటికి తిరిగి అవతార్ పాదాలు ఎడమొహం పెడమొహం అయిపోతున్నాయి. ఎడమవైపు అంత లేదు. మొన్న మధ్యాహ్నం కరెంటు లేనప్పుడు క్యాలిబ్రేట్ చేశాను, అంటే సెన్సర్ల సున్నా పట్టించాను. ఆడేటప్పుడు కుడిపక్క నుంచి కూలర్ కొడుతుంటుంది. సెన్సర్లు మార్చేయాలా?

సిరొంచ_సర్క్యూట్:
ఇప్పుడే మార్చకన్నా, నీ ప్రశ్నలోనే సగం జవాబుంది.

ముందుకీ పక్కకీ వంపు తప్పితే యాక్సిలరోమీటర్ భూమ్యాకర్షణను చూసి సరిదిద్దుతుంది. నిలువు ఇరుసు చుట్టూ తిరగడం, అంటే యా, దానికి కనపడదు. అక్కడ తిరిగే వేగం కొలిచే జైరో ఒక్కటే దిక్కు. జైరో కదలకుండా ఉన్నా పూర్తిగా సున్నా చూపించదు. సెకనుకు 0.05 డిగ్రీ తప్పు మిగిలినా నిమిషానికి 3, పది నిమిషాలకు 30 డిగ్రీలు. ఆ తప్పు వేడిని బట్టి మారుతుంది. కూలర్ లేని ఉక్కలో పట్టిన సున్నా, తడిగాలి తగిలే కుడివైపు ట్రాకర్లకు సరిపోదు.

తేల్చుకోవడం సులువు. ఆరూ చెక్కబల్ల మీద పెట్టి ఆన్ చేసి, కూలర్ గాలి తగిలేలా ఐదు నిమిషాలు వదిలెయ్. యా రీసెట్ (దిక్కును మళ్ళీ సరిచేసేది) కొట్టి, పది నిమిషాలు ముట్టుకోకుండా కంప్యూటర్‌లోని స్లైమ్‌వీఆర్ సర్వర్‌లో యా అంకె చూడు. కూలర్ ఆపి మళ్ళీ ఇదే చెయ్. కూలర్ నిలబెట్టిన బల్ల మాత్రం వద్దు, మోటారు అదురుకే లెక్క చెడుతుంది.

రాయగడ_రిగ్:
బల్లమీద అంకె కదలకపోతే తప్పు పట్టీలో ఉన్నట్టే. యా రీసెట్‌తో కాలు దారికొస్తే అది డ్రిఫ్ట్, అంటే జైరో తప్పు పోగవడం. దానికి లొంగక మౌంటింగ్ రీసెట్‌కే (ట్రాకర్ ఒంటికి ఏ వైపున కట్టి ఉందో పట్టేది) కుదిరితే ట్రాకర్ తొడ చుట్టూ జారింది. చెమటకి సన్న ఎలాస్టిక్ నిలవదు, వెడల్పాటిది వేసి లోపల సిలికాన్ గీతలున్నది చూసుకోండి. నిటారుగా నిలబడి ఫుల్ రీసెట్, ఆ తర్వాతే మోకాళ్ళు వంచి మౌంటింగ్ రీసెట్. వరుస తిరగేస్తే మోకాలు తప్పు దిక్కున మడుస్తుంది.

బల్లార్షా_వీఆర్:
చూశాను. కూలర్ ఆపితే అన్నీ 3 డిగ్రీల లోపే. గాలి తగిలితే కుడి తొడ 21, కుడి పిక్క 17. దిక్సూచిలా ఉత్తరం పట్టే మాగ్నెటోమీటర్ ఉన్న సెన్సర్ వేస్తే ఈ గొడవ ఉండదా?

సిరొంచ_సర్క్యూట్:
మరి వేడిదే. మాగ్నెటోమీటర్ ఇంట్లో ఇంకో తలనొప్పి. స్లాబులో ఊచలు, ఇనుప మంచం, బీరువా, కూలర్ మోటారు అన్నీ దాన్ని లాగుతాయి. నేలకు దగ్గరున్న పిక్కకు ఒక ఉత్తరం, ఛాతీకి ఇంకో ఉత్తరం.

ముందు కూలర్ ముఖం కిటికీ వైపు మళ్ళించు, గాలి ఒకే కాలికి నేరుగా కొట్టకపోతే చాలు. ఆడేటప్పుడు కూడా గది అలాగే ఉంచుకో. ఛార్జింగ్ తీసిన వెంటనే క్యాలిబ్రేట్ చేయకు, ఛార్జింగ్ చిప్ వేడి పక్కనున్న సెన్సర్‌కి ఎక్కుతుంది. ట్రాకర్లను ఆ గాలిలో పావుగంట ఆన్‌లో ఉంచి, ఒక్కోదాన్ని ఆపి, చిప్ కిందికి ఉండేలా తలకిందులుగా పెట్టి ఆన్ చెయ్. లైటు వెలిగాక ఐదు సెకన్లలో తిప్పి పెట్టి చెయ్యి తీసెయ్.