ఓరుగల్లు మట్టికోటకూ రాతికోటకూ ఒకే నిబంధన ఉండాలా?

ప్రశ్న:
ఓరుగల్లు (వరంగల్) కోటలోని కీర్తితోరణాల చుట్టూ కొత్త కట్టడాలు వద్దంటే అర్థముంది. కానీ రాతికోటకు వెలుపల చెరువుకట్టలా కనిపించే మట్టికోటకు కూడా 100 మీటర్ల నిషేధిత పరిధిని, ఆపైన అనుమతి ఉంటేనే కట్టుకోగల మరో 200 మీటర్ల నియంత్రిత పరిధిని వర్తింపజేయడం తరతరాలుగా అక్కడే ఉంటున్న కుటుంబాలకు అన్యాయం కాదా? ఆ కట్టలో శిల్పమూ లేదు, శాసనమూ లేదు.

స్పందన:
శిల్పం లేని మాట నిజమే. అయితే కోటను గుడిని చూసినట్టు చూడటంతోనే చిక్కు వస్తోంది. గణపతిదేవుడు మొదలుపెట్టిన రాతిగోడను పూర్తిచేసిన రుద్రమదేవి, దాని వెలుపల సుమారు 2.4 కిలోమీటర్ల వ్యాసంతో ఈ మట్టిగోడను, దాని ముందు దాదాపు 150 అడుగుల వెడల్పైన అగడ్తను ఏర్పరచింది. యంత్రంతో విసిరిన గుండు తగిలితే రాయి బీటలు వారుతుంది, మట్టి ఆ దెబ్బను తనలో ఇముడ్చుకుంటుంది. 1310లో ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫూర్ చేసిన ముట్టడిని వర్ణించిన ఢిల్లీ ఆస్థాన కవి అమీర్ ఖుస్రో, ఈ గోడకు ఉక్కు బల్లెం కూడా దిగదనీ, రాతిగుండు సైతం పిల్లలు ఆడుకునే కాయలా ఎగిరి వెనక్కి పడుతుందనీ రాశాడు. కవి అతిశయోక్తిని పక్కన పెట్టినా, శత్రుపక్షం వాడు ఇచ్చిన యోగ్యతాపత్రం కదా!

ప్రశ్నించినవారు:
గోడ ఘనతను నేను కాదనడం లేదు. కట్టలోకి చెట్ల వేళ్లు దిగి, ప్రతి వానకూ మట్టి కోసుకుపోయి గండ్లు పడుతుంటే పట్టించుకునే నాథుడు లేడు. కొడుకు పెళ్లికని సొంత స్థలంలో ఒక గది వేసుకుంటే మాత్రం నోటీసు వస్తుంది. నా అభ్యంతరం దాని మీదే.

స్పందన:
ఆ విమర్శలో సగం ఒప్పుకుంటాను. ప్రాచీన కట్టడాల రక్షణకు చేసిన 1958 నాటి కేంద్ర చట్టానికి 2010లో చేసిన సవరణ నిషేధిత పరిధిలో పాత ఇళ్ల మరమ్మతుకు అనుమతితో వీలు కల్పించింది. ఆ అనుమతి కోసం జనం కాళ్లరిగేలా తిరగనక్కర లేకుండా చూడాలని గట్టిగా అడుగుదాం. పరిధిని తగ్గించడానికి మాత్రం నేను ఒప్పుకోను. పడిపోయిన రాతి ద్వారాన్ని గుర్తులు చూసుకుని తిరిగి నిలపవచ్చు. మట్టికట్టను ఒక్క పూట పొక్లెయిన్‌తో తవ్వితే పొరలన్నీ కలిసిపోతాయి, ఏది మొదట పోసిన మట్టో, ఏది తరువాత ఎత్తు పెంచినదో చెప్పే ఆధారం పోతుంది, మళ్లీ ఎంత మట్టి పోసినా అది కొత్త కట్టే. పైగా గోడ పాదం నుంచి వెలుపలికి కొలిచి చూడండి: 45 మీటర్లకు పైగా అగడ్తకే సరిపోతుంది. నిషేధిత పరిధిని సగం చేస్తే ఇళ్లు వచ్చేది సరిగ్గా అగడ్త ఒడ్డు మీదికే.