డిప్రెషన్‌కు సరిపడే మందేదో జన్యు పరీక్ష చెప్పగలదా?

ప్రశ్న (అనంతపురం): మా తమ్ముడు నాలుగు వారాలుగా ఎస్సిటాలోప్రామ్ వాడుతున్నా గుణం అంతంత మాత్రమే. ఒక ప్రైవేటు ల్యాబువారు ఉమ్మి నమూనా తీసుకుని, అతనికి పనికొచ్చే మందేదో తేల్చి చెబుతామంటున్నారు. డాక్టరుగారేమో డోసు పెంచి చూద్దామంటున్నారు. పరీక్ష చేయించడం మంచిదేనా?

కడప సభ్యుడు: చేయించమనే అంటాను. హెచ్‌ఎల్‌ఏ-బి 15:02 అనే జన్యురూపం ఉన్నవారికి కార్బమజెపిన్ అనే మూర్ఛ మందు ఇస్తే చర్మం బొబ్బలెక్కి ఊడిపోయే ప్రమాదం ఉందని 2004లో తైవాన్ పరిశోధకులు చూపించారు. అంత దూరం ఎందుకు, మన ఆర్యవైశ్య కుటుంబాల్లో కొందరికి సూడోకోలినెస్టరేస్ అనే ఎంజైము పుట్టుకతోనే లోపించి ఉంటుంది. ఆపరేషన్ వేళ వారికి కండరాలను సడలించే సక్సామెథోనియం అనే మందు ఇస్తే, నిమిషాల్లో పోవలసిన దాని ప్రభావం గంటల తరబడి నిలిచి, అంతసేపూ వెంటిలేటరు మీద ఉంచవలసి వస్తుందని మత్తు డాక్టర్లకు తెలుసు. ఇవన్నీ చెప్పగల జన్యువు డిప్రెషన్ మందు గురించి చెప్పలేదా?

కర్నూలు సభ్యురాలు: ఆ రెండూ నిజమే గానీ, ఈ ప్రశ్నకు సాక్ష్యం కావు. సక్సామెథోనియాన్ని విరగగొట్టేది ఆ ఒక్క ఎంజైమే కనుక, అది లేకపోతే ఏమవుతుందో ముందే చెప్పవచ్చు. ఎస్సిటాలోప్రామ్ సంగతి అలా కాదు. మెదడులో కణాల మధ్య సందేశాలు మోసే సెరటోనిన్‌ను తిరిగి లోపలికి లాక్కునే ట్రాన్స్‌పోర్టరును అది గంటల్లోనే అడ్డుకుంటుంది, కానీ మనసు తేలికపడడానికి వారాలు పడుతుంది. సెరటోనిన్ విడుదలకు కళ్ళెం వేసే 5-హెచ్‌టీ1ఏ గ్రాహకాలు ఈలోగా మెల్లగా మొద్దుబారడం ఒక కారణమని భావిస్తారు, అయినా ఆ లెక్క ఇంకా తెమలలేదు. ఆ ట్రాన్స్‌పోర్టరు జన్యువులో పొట్టి రూపం ఉన్నవారు కష్టాలొచ్చినప్పుడు డిప్రెషన్‌కు ఎక్కువగా లోనవుతారని 2003లో వచ్చిన పరిశోధనకు ఎంతో పేరు వచ్చింది. 2019లో లక్షల మంది సమాచారంతో అలాంటి పేరుమోసిన 18 జన్యువులను పరిశీలిస్తే, వాటికి మిగతా జన్యువులకంటే డిప్రెషన్‌తో ఎక్కువ సంబంధమేమీ కనబడలేదు.

ఇలాంటి నివేదిక ఒకటి నేను చూశాను. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు గడులు. కాలేయంలో మందును విరగగొట్టే సీవైపీ2సీ19 ఎంజైమూ, మెదడులోని హెచ్‌టీఆర్2ఏ అనే సెరటోనిన్ గ్రాహకమూ ఒకే వరుసలో, ఒకే ధీమాతో. మొదటిదానికి విలువ ఉంది: ఆ ఎంజైము మందకొడిగా ఉన్నవారి రక్తంలో ఎస్సిటాలోప్రామ్ పేరుకుంటుంది, అతి చురుకుగా ఉంటే మందు చాలదు. రెండోదాన్ని బట్టి మందు మార్చడానికి తగిన ఆధారం లేదు. ఇటువంటి పరీక్షలను నమ్మి సొంతంగా మందులు మార్చుకోవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లోనే హెచ్చరించింది.

కడప సభ్యుడు: ఎంజైము కోసమైనా చేయించవచ్చు కదండీ. మందకొడి రూపాలు దక్షిణాసియా వారిలో తక్కువేమీ కాదు.

కర్నూలు సభ్యురాలు: డాక్టరుగారు అడిగితే తప్పక చేయించండి. అంతకన్నా ముందు, మాత్రలు రోజూ వేసుకుంటున్నాడా, వేరే మందులేమైనా వాడుతున్నాడా అని కనుక్కోండి. ఉదాహరణకు గ్యాస్‌కు వాడే ఒమెప్రజోల్ అదే ఎంజైమును అడ్డుకుని రక్తంలో ఎస్సిటాలోప్రామ్‌ను పెంచుతుంది. ఆ సంగతి ఏ ఉమ్మి పరీక్షలోనూ కనబడదు. డోసు పెంచబోయే డాక్టరుకు అది తెలిసి తీరాలి.

అనంతపురం: గ్యాస్ మాత్ర రోజూ పరగడుపున వేసుకుంటాడండీ. అది ఒమెప్రజోలే. డాక్టరుగారికి ఇంతవరకూ చెప్పలేదు. డోసు మార్చకముందే చెబుతాను.