అమ్మే ముందు పాత ప్రింటును పటం నుంచి బయటికి తీయాలా, వద్దా?

పెదవాల్తేరు అబ్బాయి

నాన్నగారు దాచుకున్న బొమ్మల్లో ఒకటి అమ్ముతున్నాం. ఎచింగ్ ప్రింటు. కింద ఎడమవైపు పెన్సిల్‌తో 34/50 అని, కుడివైపు కళాకారుడి సంతకం ఉన్నాయి. 1987లో హైదరాబాద్‌లో ఒక ప్రదర్శనలో కొని, ఇక్కడికి, విశాఖకి తెచ్చి పటం కట్టించారు. అప్పటి నుంచి మా హాల్లోనే ఉంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్‌కి కిటికీ అద్దాలు పగిలి ఇల్లంతా నీళ్లయితే, అమ్మ గోడ మీంచి అన్నిటికంటే ముందు దించింది దీన్నే.

హైదరాబాద్ నుంచి ఒకాయన కొంటానంటున్నారు. అయితే అద్దం, దాని కింద బొమ్మ చుట్టూ ఉండే అట్ట (మౌంట్) తీసి కాగితం నాలుగు అంచులూ, వెనకవైపూ ఫోటోలు పంపితేనే ధర మాట్లాడతారట. అన్నయ్య ససేమిరా అంటున్నాడు. నాన్న కట్టించినట్టే ఇద్దాం, ఇష్టముంటే తీసుకుంటారు అని వాడి వాదన. నాకు ఎటూ తేలడం లేదు. ఇలాంటివి అమ్మినవాళ్లు, కొన్నవాళ్లు చెప్పండి. అసలు అమ్మాలా వద్దా అన్నది ఇంట్లో అందరం కూర్చుని తేల్చుకున్నాం, దాని జోలికి వద్దు.

సీతమ్మధార

మీ అన్నయ్యగారి మాటే వినండి. మా ఇంట్లో రవివర్మ ప్రెస్‌లో అచ్చయిన లక్ష్మీదేవి పటం ఉండేది, మా తాతమ్మ కాపురానికి వచ్చినప్పుడు తెచ్చుకున్నది. అద్దం మార్పిద్దామని పటాల షాపుకిచ్చాం. ఇక్కడి చెమ్మకి కాగితం అద్దానికి అంటుకుపోయి ఉంది. ఆ అబ్బాయి అద్దం ఎత్తగానే చీర అంచు రంగంతా అద్దంతో వచ్చేసింది. అది నా కళ్లతో చూశాను, ఇప్పటికీ బాధే. విప్పడంలో రిస్క్ అంతా మీది, లాభం ఆయనది. కొన్నాక ఆయన్నే విప్పుకోమనండి.

లాసన్స్ బే, ప్రింట్లు చేస్తాను

సీతమ్మధార గారూ, మీకు జరిగింది నిజంగా అన్యాయం. కానీ "కొన్నాక విప్పుకోమనండి" అన్న మాట ఒప్పుకోలేను. ఆయన డబ్బు పెడుతున్నది ఆ కాగితానికి. ఫ్రేముకి కాదు.

ఎచింగ్ అంటే జిరాక్స్ కాదండీ. లోహపు పలక మీద గీసి, ఆ గీతల్ని యాసిడ్‌తో తినిపించి, అందులో ఇంకు నింపి, తడి కాగితం పరిచి ప్రెస్‌లో నొక్కుతాం. ప్రతి ప్రింటుకీ పలకకి మళ్లీ ఇంకు పట్టించి, తుడిచి, ఒక్కొక్కటే తీయాలి. 34/50 అంటే యాభై ప్రింట్లలో ఇది ముప్పై నాలుగోది. చిత్తూరు జిల్లాలో పుట్టిన కృష్ణారెడ్డి గారు (1925–2018) పారిస్‌లో ఉండి, చిక్కదనం వేరువేరుగా కలిపిన రంగుల్ని ఒకే పలక మీద పట్టించే పద్ధతి మీద ఏళ్ల తరబడి పనిచేశారు. ఆ ప్రింట్ల దగ్గర నిలబడి చూస్తే అది ఎంత శ్రమో అర్థమవుతుంది.

ప్రెస్‌లో నొక్కినప్పుడు పలక అంచు కాగితంలో దిగి, బొమ్మ చుట్టూ పల్లంగా ఒక గీత మిగులుతుంది. వేలితో తడిమితే తెలుస్తుంది. చాలాసార్లు మౌంట్ దాన్నే కప్పేస్తుంది. ఫ్రేములో పట్టలేదని కాగితం అంచులు కత్తిరించారా లేదా అన్నదీ మౌంట్ కిందే ఉంటుంది. కత్తిరిస్తే ధర బాగా పడిపోతుంది. పైగా 1987 నాటి మామూలు మౌంట్ అట్టలో ఆమ్లం ఉంటుంది, అది తగిలినచోటల్లా కాగితం గోధుమరంగుకి తిరుగుతుంది. సముద్రం పక్కన ఇన్నేళ్లున్న పటం లోపల ఫంగస్ మచ్చ లేకపోతేనే ఆశ్చర్యం. కొనే మనిషి ఇవి అడగడం అనుమానం కాదు.

ముందు టార్చి లైటు పక్క నుంచి అద్దం మీద వేసి చూడండి. ఎక్కడైనా తడిసినట్టు మెరుస్తుంటే కాగితం అక్కడ అంటుకుందని అర్థం. అప్పుడు ఆపేయండి, లాగకండి. అలా లేకపోతే వాన లేని రోజు చూసుకుని, బల్ల మీద దుప్పటి పరిచి, పటం బోర్లించి వెనక మేకులు తీయండి. టేపు ఉంటే పీకొద్దు.

సీతమ్మధార

సరేనండీ, మచ్చ కనిపించిందే అనుకోండి. ఆయన బేరమాడి సగానికి దింపుతారు. మీరే చేతికి కత్తి ఇచ్చినట్టు అవుతుంది.

లాసన్స్ బే, ప్రింట్లు చేస్తాను

బేరమాడితే ఆడనివ్వండి. నచ్చకపోతే ఇవ్వరు. లోపల ఏముందో తెలియకుండా పూర్తి ధర తీసుకుంటే, రేపు ఆయన విప్పి చూసి వెనక్కి పంపితే డబ్బుతోపాటు వాళ్ల నాన్నగారి పేరూ పోతుంది. నా దృష్టిలో అదే పెద్ద నష్టం.

గాజువాక నుంచి

ఇంత టెన్షన్ ఎందుకు? ఆయన్నే రమ్మనండి. సాయంత్రం గోదావరి ఎక్కితే పొద్దున్నే విశాఖలో దిగుతారు. ఆయన ఎదురుగానే విప్పండి. ఎలాగూ అద్దంతో కొరియర్ చేయడం మంచిది కాదు, దారిలో పగిలితే ముక్కలు కాగితాన్నే కోస్తాయి.

పెదవాల్తేరు అబ్బాయి

అందరికీ థాంక్స్. నిన్న విప్పేశాం. టార్చి పట్టుకున్నది అన్నయ్యే. ఎక్కడా అంటుకోలేదు.

అంచులు కత్తిరించలేదు. పలక గీత నాలుగు వైపులా ఉంది, అమ్మ చేత కూడా తడిమించాం. మౌంట్ ఆనినంత మేరా గోధుమరంగు పట్టీ పడింది. పైన రెండుచోట్ల సెల్లోటేపు పసుపెక్కి ఉంది. సంతకం కింద, మౌంట్ మరుగున, ఆవగింజలంత మచ్చలు ఏడు ఉన్నాయి. లెక్కపెట్టాను. అన్నయ్య చాలాసేపు వాటినే చూసి, "నాన్నకి ఎవరైనా చెప్పుంటే అప్పుడే మార్పించేవాడు రా" అన్నాడు.

ఏడు మచ్చలూ కనిపించేలా ఫోటోలు పంపాను. ఆయన ముందు అన్నదానికంటే తగ్గించారు, మేం ఇంకా సరే అనలేదు. సీతమ్మధార గారు చెప్పినట్టు బేరం మొదలైంది, నిజమే. కానీ ఆదివారం తనే వచ్చి చూస్తానన్నారు. అప్పటిదాకా ప్రింటుని ఆమ్లం లేని రెండు కొత్త అట్టల మధ్య చదునుగా పెట్టి, గోడకి దూరంగా బీరువా పై అరలో ఉంచాం.