పాత పికప్‌లో మిస్సింగ్, వణుకు: నాలుగు నాజిల్స్ మార్చేయాలా, ముందు వెతకాలా?

పీలేరు_పికప్:
అన్నలకు నమస్తే. నాది 2008 డీజిల్ పికప్, నాలుగు సిలిండర్లు, పాత మెకానికల్ పంపు, కంప్యూటర్ గింప్యూటర్ ఏమీ లేదు. మదనపల్లె మార్కెట్ నుంచి తిరుపతికి టమోటా తోలతా ఉంటా. నెలరోజులుగా పొద్దున స్టార్ట్ చేస్తే తెల్లపొగ, ఐడిల్‌లో బండి మొత్తం చలిజ్వరం వచ్చినోడి మాదిరి వణకతాంది, డోర్ అద్దాలు టకటకా కొట్టుకుంటాయి. వేడెక్కినాక తగ్గతాది గానీ పూర్తిగా పోదు. తిరిగి వచ్చేటప్పుడు ఖాళీ బండే భాకరాపేట ఘాటులో సెకండ్ గేరు అడుగుతాంది. తిరుపతిలో ఒక మెకానిక్ చూసి సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాలుగు నాజిల్స్ మార్చేయ్ అన్నాడు, ఇంకొకాయన సిలిండర్లు అరిగి బోరుకు వచ్చింది ఇంజన్ దించాల్సిందే అన్నాడు. ఎవరి మాట వినాల?

లోడుబండి_చిత్తూరు:
నాజిల్స్ మార్చేయ్ తమ్ముడూ, ఆలోచించొద్దు. పదైదేళ్లు దాటిన బండికి నాజిల్ అరగకుండా ఉంటాదా? టెస్టులని రెండు రోజులు బండి నిలబెడితే బాడుగ ఎవరిస్తారు? మామిడి సీజన్‌లో దామలచెరువు మండీ ముందర బండ్లు క్యూలో ఉంటే మనం షెడ్లో కూచోని పరీక్షలు రాసుకుంటా ఉండాల్నా?

పంపుషాపు_పనోడు:
లోడుబండి అన్నా, నాజిల్స్ అమ్ముకుంటే లాభం నాకే, అయినా చెప్తా వినండి. నెలకు ఒకరైనా కొత్త నాజిల్స్ వేయించుకోని అదే వణుకుతో వెనక్కి వస్తారు.
మిస్సింగ్ అంటే ఒక సిలిండర్ సరిగ్గా మండకపోవడమే, ముందు ఏ సిలిండర్ పని చేయట్లేదో తెలుసుకో తమ్ముడూ. దానికి పైసా ఖర్చు లేదు. ఇంజన్ ఐడిల్‌లో పెట్టి, పంపు నుంచి నాజిల్‌కు పోయే ఒక్కో పైపు నట్టు కొంచెం లూజ్ చెయ్. లూజ్ చేస్తానే ఇంజన్ ఇంకా చచ్చినట్టు అయితే ఆ సిలిండర్ మంచిది, బిగించేసి తర్వాతదానికి పో. ఏది లూజ్ చేసినా శబ్దంలో తేడా రాలేదో దొంగ అదే. గుడ్డ అడ్డం పెట్టుకో, మొహం దూరంగా పెట్టు.
ఇంకోటి, దానికంటే ముందే డీజిల్ ఫిల్టర్ కింద నీళ్లు దించి చూడు, పైపుల్లో ఎయిర్ పట్టిందేమో చూడు. చేతి పంపు కొడితే బుడగలు వస్తానే ఉంటే యాడో ఎయిర్ లాగతాందని అర్థం.

రేణిగుంట_రోడ్డు:
ఒక్క నిమిషం. ఇది చదివి కామన్ రైల్ (కంప్యూటర్‌తో నడిచే డీజిల్ ఇంజన్) బండోళ్లు పైపు నట్టు మీద చెయ్యి వేయొద్దు దయచేసి. దాంట్లో ఐడిల్‌లోనే ప్రెషర్ 200 బార్ పైన ఉంటాది, రేస్ చేస్తే 1000 దాటతాది, సన్నగా చిమ్మిన డీజిల్ చర్మంలోకి దూరిపోతాది, గాయం సూది పోటంత కనపడినా పరుగున ఆసుపత్రికి పోవాల. ఆ బండ్లకు స్కానర్ పెట్టించడమో, రిటర్న్ పైపులకు సీసాలు కట్టి ఏ ఇంజెక్టర్ జాస్తి డీజిల్ వెనక్కి వదుల్తాందో చూడడమో చేయాల.

ఊరకే_చదివేవాణ్ని:
ఇంజన్ మౌంటు రబ్బరు పోయినా వణుకు వస్తాది గదా? నా బండికి అదే అయింది, ఇంజన్ దించమన్నారు నన్ను కూడా.

పంపుషాపు_పనోడు:
వస్తాది. కానీ మౌంటు పోతే సైలెన్సర్ శబ్దం లెక్కగానే ఉంటాది, ఒట్టి బాడీ వణకతాది. సైలెన్సర్ వెనక అరచేయి కొంచెం దూరంగా పెట్టి చూడు, గాలి దెబ్బ నాలుగింటికి ఒకసారి తప్పిపోతా ఉంటే అది మిస్సింగే. ఈ తమ్ముడికి తెల్లపొగ కూడా ఉంది, అంటే యాడో డీజిల్ కాలకుండా బయటికి పోతాంది.

లోడుబండి_చిత్తూరు:
సరే, మూడో సిలిండరో నాలుగోదో తేలింది అనుకో, మళ్లా మార్చేది నాజిలే గదా! తిరిగి తిరిగి అక్కడికే వస్తిరి.

పీలేరు_పికప్:
ఆదివారం పని పెట్టుకున్నా. ఫిల్టర్‌లో నీళ్లు లేవు, ఎయిర్ లేదు. మూడో పైపు లూజ్ చేస్తే ఇంజన్‌కు చీమ కుట్టినట్టు కూడా లేదు. రెండో నాజిల్ మూడోదాంట్లో, మూడోది రెండోదాంట్లో మార్చి పెట్టినా, కింద రాగి వాషర్లు కొత్తవి వేసినా. ఎయిర్ తీసి స్టార్ట్ చేస్తే మిస్సింగ్ అదే మూడోదాంట్లోనే ఉండాది, నాజిల్‌తో పాటు రెండోదానికి పోలేదు. అంటే నాజిల్ తప్పు కాదనే గదా? లోడుబండి అన్న మాట విని ఉంటే ఆ డబ్బు గోవిందా.

పంపుషాపు_పనోడు:
శభాష్. ఇప్పుడు నాజిల్ తీసిన బొక్కలో గేజ్ పెట్టి కంప్రెషన్, అంటే పిస్టన్ గాలిని నొక్కే ప్రెషర్, చూపించు. మంచి డీజిల్ ఇంజన్‌కు 25 నుంచి 30 బార్ రావాల, అంకె కంటే నాలుగింటికీ మధ్య తేడా ముఖ్యం. తక్కువ వచ్చినదాంట్లో ఒక స్పూన్ ఆయిల్ పోసి మళ్లా చూడు, ఒక్క స్పూనే, జాస్తి పోస్తే పిస్టన్ పైకి రాలేక కనెక్టింగ్ రాడ్ వంగిపోతాది. ఆయిల్ పోస్తే ప్రెషర్ పెరిగిందా, రింగులు. పెరగలేదా, వాల్వు వైపు చూడు, లేకుంటే హెడ్ (ఇంజన్ పైభాగం) గాస్కెట్.

పీలేరు_పికప్:
మిగతా మూడు సిలిండర్లు 27, 26, 27. మూడోది 19. ఆయిల్ పోసినా 20 దాటలేదు. ట్యాపెట్ కవర్ తీస్తే మూడోదాని ఎగ్జాస్ట్ వాల్వు గ్యాప్‌లోకి, సందు కొలిచే ఫీలర్ గేజ్‌లో అన్నిటికంటే సన్న రేకు కూడా దూరలేదు, వాల్వు పూర్తిగా మూసుకోకుండా పట్టేసింది. గ్యాప్ పెట్టించినాక 25 వచ్చింది. పొద్దున పొగ లేదు, అద్దాలు మాట్లాడడం మానేసినాయి, నిన్న ఘాటు మూడో గేరులో ఎక్కినా.

లోడుబండి_చిత్తూరు:
సంతోషం తమ్ముడూ, నాజిల్ విషయంలో నాది తప్పే. కానీ ఒకటి రాసి పెట్టుకో, గ్యాప్ తనంతట తాను తగ్గిందంటే వాల్వు కూచునే సీటు అరిగి వాల్వు లోపలికి దిగిందని. ఇంకో ఆరు నెలలకు హెడ్ దించతావు.

పంపుషాపు_పనోడు:
దించనీ అన్నా, అప్పుడు హెడ్ మాత్రమే దించతాడు, ఇంజన్ కాదు. తమ్ముడూ, నెలకోసారి ఆ గ్యాప్ చూపిస్తా ఉండు, మళ్లా తగ్గతా వస్తే మామిడి సీజన్ అయిపోయినాక రా, సీటు కొట్టిద్దాం.