బెంగళూరు బడిలో నాలుగో తరగతి పాపని తోటిపిల్లలు పక్కన కూర్చోనివ్వడం లేదు. ఆ పిల్లల అమ్మలకి ఫోన్ చేయనా?

మారతహళ్లి అమ్మ: జూన్‌లో కలిసి తిరిగిన ముగ్గురు దసరా సెలవుల తర్వాత మా పాపని "ఈ బెంచీలో చోటు లేదు" అంటున్నారట. బాక్సు సగం మిగిల్చి తెస్తోంది. ఆ ముగ్గురి అమ్మలూ మా అపార్ట్‌మెంట్‌లోనే ఉంటారు.

కె.ఆర్.పురం నాన్న: చేయకండి. మావాడి విషయంలో నేను చేశాను. మర్నాటి నుంచి వాడికి "చాడీలోడు" అని పేరు. రెండేళ్లు మోశాడు.

సిల్క్‌బోర్డ్ బాబాయ్: కన్నడ నేర్పించండి, అదే సర్దుకుంటుంది.

మారతహళ్లి అమ్మ: దానికి నాకన్నా బాగా వచ్చండీ. ఆ ముగ్గురిలో ఇద్దరు తెలుగువాళ్లే.

నెల్లూరు పిన్ని: ముందు టీచర్ని కలవమ్మా. అందరి ముందూ సారీ చెప్పించొద్దను, పాప ఇంకా చులకనైపోతుంది. సీట్లు మార్చి, మెత్తని పిల్ల పక్కన కూర్చోబెట్టమను. ఆదివారం ఆ పిల్లని ఇంటికి పిలువు, ఒక్కదాన్నే. ఇద్దరొస్తే వాళ్లిద్దరూ ఒకటవుతారు.

కె.ఆర్.పురం నాన్న: అడిగింది ఫోన్ గురించి. దానికి చెప్పండి.

హోసూరు రోడ్డు: పొద్దున్నే కడుపునొప్పి, బడికి వెళ్లనని ఏడుపు వారాల తరబడి ఉంటే ఇక్కడి మానసిక వైద్య ఆసుపత్రి నిమ్హాన్స్‌లో పిల్లల విభాగం ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

సిల్క్‌బోర్డ్ బాబాయ్: బెంచీ గొడవకి నిమ్హాన్సా!

నెల్లూరు పిన్ని: కొట్టుకుంటే గొడవ. చోటు లేదనడం వెలి. నాన్నగారూ, ఆ ఫోన్ మీవాణ్ని అడిగే చేశారా?

కె.ఆర్.పురం నాన్న: తొమ్మిదేళ్లవాణ్ని అడిగి చేస్తారా ఎవరైనా? కన్నవాళ్లం మనం!

నెల్లూరు పిన్ని: అడగాలి. బడిలో ఆ పేరు మోసింది వాడు, మీరు కాదు.

కె.ఆర్.పురం నాన్న: వాడు చెప్పుకుంది వాళ్లమ్మకి. నేను విని కోపం పట్టలేక చేశాను. ఇప్పుడు పదో తరగతి. ఈ రోజుకీ బడి సంగతి ఒక్కటీ నాతో అనడు.

మారతహళ్లి అమ్మ: నేనడిగితే "ఏం లేదమ్మా" అంటుంది.

నెల్లూరు పిన్ని: ఎదురుగా కూర్చోబెట్టి అడక్కు. బండి మీద వెనక కూర్చున్నప్పుడు "ఇవాళ బాక్సు ఎక్కడ తిన్నావు" అను, చాలు.

మారతహళ్లి అమ్మ: ఇవాళ అలాగే అడిగాను. మెట్ల మీద తింటోందట, రోజూ ఐదో తరగతి అక్క ఒకతి పక్కన కూర్చుంటుందట. "ఆంటీలకి ఫోన్ చేయకు, మిస్‌కి చెప్పు" అంది. రేపు తొమ్మిదింటికి వెళ్తున్నా.

కె.ఆర్.పురం నాన్న: ఆ ముగ్గురి పేర్లు మాత్రం చెప్పకండి.

నెల్లూరు పిన్ని: చెప్పకపోతే టీచర్ ఎవరి సీట్లు మారుస్తుందండీ? అదీ పాపనే అడుగు తల్లీ.