కుందేలు అంటే హేరా, రాబిట్టా?

ప్రశ్న: పిల్లల కోసం హేర్ జాతుల మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. హేర్‌కీ రాబిట్‌కీ మనకు ‘కుందేలు’ ఒక్కటే మాట. రెండూ ఒకే పేరాలో వచ్చేసరికి చిక్కు పడుతోంది. హేర్‌కు కొత్త మాట కల్పించాలా? ఆర్కిటిక్ హేర్, స్నోషూ హేర్, జాక్‌రాబిట్ వంటి పేర్లను ఎలా రాయమంటారు? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: కొత్త మాట అవసరం లేదండీ. కుందేలంటే హేరే. పేరు వెతుక్కోవలసింది రాబిట్‌కు.

తెలుగు నేల మీద తుప్పల్లో, బీళ్లలో తిరిగే అడవి కుందేలు శాస్త్రీయ నామం లేపస్ నైగ్రికోలిస్. లేపస్ హేర్ల ప్రజాతి, నైగ్రికోలిస్ అంటే నల్లమెడ. దక్షిణాదిన దీని మెడ వెనక నల్లటి మచ్చ స్పష్టంగా కనిపిస్తుంది, తోక పైభాగమూ నలుపే. ఉత్తరాదికి వెళ్తే ఆ మచ్చ ఉండదు, తోక ఎర్రగోధుమ రంగుకు మారుతుంది. బోనుల్లో పెంచే తెల్ల రాబిట్ దీని వంశం కాదు. దాని పూర్వీకులు స్పెయిన్, పోర్చుగల్ ఉన్న ఐబీరియా ప్రాంతానివి, మనుషులు వెంట తీసుకెళ్లిన చోటికల్లా అది చేరింది. కాబట్టి ‘తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు’ అన్నవాడు పట్టింది హేర్‌నే. ‘తిరిగి కుందేటి కొమ్ము సాధింపవచ్చు’ అన్న పద్యపాదంలో ఉన్నదీ, శశాంకుడి ఒడిలో ఉన్నదీ అదే. ఇంత సాహిత్యం మోసిన మాటను దానికి కాకుండా చేసి, ఇంకేదో పేరు తగిలించడం నాకు న్యాయంగా తోచదు.

రెంటికీ ఒకే పేరు ఉండటం భాషకు లోటేమీ కాదు. 1758లో లిన్నేయస్ కూడా రాబిట్‌ను లేపస్ ప్రజాతిలోనే చేర్చాడు. దాన్ని ఓరిక్టోలాగస్ అంటూ వేరు చేసింది వందేళ్లకు పైగా గడిచాకే.

అయితే తేడా చిన్నది కాదు, మీ వ్యాసంలో పిల్లలకు తప్పకుండా చెప్పండి. రాబిట్ పిల్లలు బొరియలో పుడతాయి. ఒంటి మీద బొచ్చు ఉండదు, కళ్లు తెరుచుకోవు. కుందేలు బొరియ తవ్వదు. గడ్డి మధ్య ఒళ్లు పట్టేంత గుంట చేసుకుని అందులోనే ఒదిగి ఉంటుంది. దాని పిల్లలు నిండా బొచ్చుతో, కళ్లు తెరుచుకునే పుడతాయి. యూరప్ గోధుమరంగు కుందేలు సుమారు 42 రోజులు గర్భం మోస్తుంది, రాబిట్‌కు దాదాపు 31 రోజులు చాలు. పుట్టిన కొద్ది రోజులకే కుందేటి పిల్లలు తలో దిక్కుకు వెళ్లి, కదలకుండా గడ్డిలో దాక్కుంటాయి. పొద్దు గుంకాక పుట్టినచోటికి ఒక్కొక్కటే తిరిగి వస్తాయి. తల్లి వచ్చి కొన్ని నిమిషాలు పాలిచ్చి వెళ్లిపోతుంది. రోజు మొత్తానికి అంతే. నక్కకు వాసన అందకుండా పిల్లల్ని కాపాడుకోవడానికి ఇంతకన్న మంచి ఉపాయం ఉంటుందా! లోపల చూస్తే క్రోమోజోములు కూడా వేరు, కుందేలుకు 48, రాబిట్‌కు 44.

ఇక పేర్ల సంగతి. ఇంగ్లీషు పేరును పట్టుకుని అనువదించకండి, దారి తప్పుతారు. జాక్‌రాబిట్ పేరులో రాబిట్ ఉంది, కానీ అది అచ్చమైన లేపస్. బెల్జియన్ హేర్ అనేది పెంపుడు రాబిట్లలో ఒక రకం. హిమాలయాల దిగువన, అస్సాంలోని మానస్ అడవుల వంటి చోట్ల ఏపుగా పెరిగిన గడ్డిలో దాక్కుని బతికే హిస్పిడ్ హేర్‌ను అంతరించే ప్రమాదమున్న జంతువుగా లెక్కిస్తున్నారు. అది హేరూ కాదు, ఓరిక్టోలాగసూ కాదు. దాని ప్రజాతి వేరే, కాప్రోలాగస్. జంతువును చూసి పేరు పెడితే ఈ తికమక ఉండదు. స్నోషూ హేర్‌కు వెనక పాదాలు బాగా వెడల్పు, చలికాలంలో వాటికి దట్టంగా బొచ్చు పెరుగుతుంది. మెత్తటి మంచులో కూరుకుపోకుండా పరుగెత్తుతుంది. ‘మంచుపాదాల కుందేలు’ అంటే పిల్లలకు వెంటనే బోధపడుతుంది. రాబిట్‌ను ‘బొరియ కుందేలు’ అనండి. అమెరికాలోని కాటన్‌టెయిల్ కూడా రాబిట్టే, కానీ బొరియ తవ్వే రకం కాదు గనక దాన్ని కాటన్‌టెయిల్ అనే ఉంచడం మేలు.

మరో సభ్యుడు: చెవులపిల్లి అనే చక్కని మాట ఉంది కదా. దాన్ని హేర్‌కు ఇచ్చి, కుందేలును రాబిట్‌కు వదిలేస్తే సరిపోదా?

జవాబు: చెవులపిల్లి నాకూ ఎంతో ఇష్టమైన మాట. కానీ వాడుకలో అది కుందేలుకు పర్యాయపదం. ఒకే జంతువుకున్న రెండు పేర్లను విడదీసి రెండు జంతువులకు పంచితే, రేపు పాత కథలు చదివే పిల్లలు పొరబడతారు. హేర్ వ్యాసంలో రెండు మాటలూ వాడండి, చదవడానికి హాయిగా ఉంటుంది.

పైగా చెవులే గుర్తు అనుకుంటే అన్ని జాతులకూ అది సమానంగా అమరదు. అరిజోనా, సోనోరా ఎడారుల్లోని యాంటిలోప్ జాక్‌రాబిట్ చెవులు చూడండి. తలకన్న చాలా పొడుగు, పలచటి చర్మం, నిండా రక్తనాళాలు. ఒంట్లో వేడి ఆ చెవుల గుండా గాలిలోకి పోతుంది. తరుముతున్న జంతువుకు ఎదురుగా పక్క చర్మాన్ని లాగి తెల్లటి బొచ్చు తళుక్కుమనిపించడం దాని మరో విద్య. కెనడా ఉత్తరపు అంచున, గ్రీన్‌లాండ్‌లో ఉండే ఆర్కిటిక్ కుందేలుది సరిగ్గా దీనికి ఎదురు. వేడిని ఒంట్లోనే నిలుపుకోవాలి గనక చెవులు పొట్టి. మరీ ఉత్తరాన ఉన్నవి ఏడాది పొడుగునా తెల్లగానే ఉంటాయి. వందల సంఖ్యలో గుంపు కట్టడం కూడా ఉంది. ఒంటరి జంతువని పేరుపడిన కుందేలు అలా మందగా కదలడం నన్ను అన్నిటికన్న ఆశ్చర్యపరుస్తుంది.

మొదట అడిగినవారే: కృతజ్ఞతలు. ఇంకొక్కటి. మొత్తం జాతులు ఎన్నో ఒక్కోచోట ఒక్కోలా ఉంది. ఏ అంకె వేయమంటారు?

జవాబు: ‘30కి పైగా’ అని రాయండి, అదే నిజాయితీ. అంకె నిలవకపోవడానికి కారణం కుందేళ్లలోనే ఉంది. దక్షిణాఫ్రికా పేరు మీద ఉన్న కేప్ కుందేలును ఆఫ్రికా నుంచి అరేబియా దాటి ఒకే జాతిగా లెక్కించాలా, ముక్కలు చేయాలా అన్నది తేలలేదు. పైగా జాతుల మధ్య సంకరం జరుగుతూ వచ్చింది. ఐబీరియా కుందేళ్లలో చాలావాటి మైటోకాండ్రియాలో (కణంలో శక్తిని తయారుచేసే భాగాల్లో) పర్వత కుందేలు, అంటే మౌంటెన్ హేర్, డీఎన్ఏ కనిపిస్తుంది. ఆ పర్వత కుందేలు మంచుయుగం ముగిశాక ఆ ద్వీపకల్పం నుంచే కనుమరుగైంది, దాని జాడ మాత్రం ఇంకో జాతి ఒంట్లో మిగిలింది.

మంచుపాదాల కుందేలు కథ ఇంకా ముచ్చటైనది. పగటి నిడివి తగ్గగానే తెల్లబడటం దాని స్వభావం. మంచు ఆలస్యమైన ఏడాది తెల్లటి ఒంటితో గోధుమరంగు నేల మీద నిలబడి వేటజంతువు కంట్లో పడుతుంది. కానీ అమెరికా పసిఫిక్ తీరం వైపు, మంచు తక్కువ పడేచోట కొన్ని చలికాలంలోనూ గోధుమరంగులోనే ఉంటాయి. ఆ రంగును నిర్ణయించే అగౌటి జన్యువు తాలూకు రూపం నల్లతోక జాక్‌రాబిట్‌తో సంకరం వల్ల వాటికి వచ్చిందని 2018లో వెల్లడైంది.

మరో సభ్యుడు: పైన కుందేటి కొమ్ము ప్రస్తావన వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. కొమ్ముల కుందేలు బొమ్మలు పాత యూరప్ పుస్తకాల్లో చూశాను. అది ఊహేనా?

జవాబు: పూర్తిగా ఊహ అనలేం. అమెరికా కాటన్‌టెయిళ్లకు సోకే ఒక పాపిలోమా వైరస్ వల్ల తల మీద, మూతి చుట్టూ నల్లగా గట్టిగా కొమ్ముల్లాంటివి మొలుస్తాయి. అమెరికా శాస్త్రవేత్త రిచర్డ్ షోప్ 1933లో ఆ వైరస్‌ను గుర్తించాడు. కొమ్ముల కుందేళ్ల బొమ్మల వెనక ఇలాంటి వ్యాధి చూసిన కళ్లు ఉండవచ్చని చాలామంది భావిస్తారు. అవి ఎముక ఉన్న అసలు కొమ్ములు కావు, గట్టిపడిన చర్మమే. పాపం, నోటి చుట్టూ పెరిగితే ఆ జంతువు మేత మేయలేకపోతుంది. పద్యంలోని మాట అసాధ్యానికి గుర్తుగా అలాగే నిలుస్తుంది.

అనువాదం చేస్తున్నవారికి చివరిగా ఒక చిన్న మాట. ‘కుందేలు యొక్క చెవులు’ అని రాయకండి. ‘కుందేటి చెవులు’, ‘కుందేటి పిల్ల’, ‘కుందేటి పాదం’ అనండి. ఏరు ఏటి అయినట్టే కుందేలు కుందేటి అవుతుంది. బహువచనానికి కుందేళ్లు.