సమస్య: “అల్లు డాఱేండ్లు మామకు నగ్రజుండు”

నిర్వాహకుడు: ఈ వారం రోము రాజకీయమే వస్తువు. క్రీ.పూ. 59లో సీజర్ తన కూతురు జూలియాను సేనాని పాంపేకు ఇచ్చాడు. మామ పుట్టింది 100లో, అల్లుడు 106లో. ఈ లెక్క చూసి నవ్వాగక ఇచ్చిన పాదమిది. మూడో పాదాన్ని వాక్యాంతంతో ముగిస్తే విసంధి (సంధి జరగాల్సిన చోట జరపకపోవడం) పేచీ ఉండదు. కానివ్వండి.

గణగంగ:
కూతు జూలియ నిచ్చెను గూర్మి సీజ
రుండు పాంపేకు రోమున రూఢిగాను;
వయసు లెక్కింప రెవ్వరు పదవి కొఱకు!
అల్లు డాఱేండ్లు మామకు నగ్రజుండు.

శేషపాదం: ‘రూఢిగాను’ పాదం నింపడానికి వచ్చిన అతిథి. పైగా రోములో వయసు లెక్కించేవారు. కాన్సల్ (రోములో అత్యున్నత పదవి, ఏటా ఇద్దరు) కావడానికి వయసు నియమం ఉండేది. దాన్ని తోసిరాజని పాంపే 35 ఏళ్లకే, క్వెస్టర్, ప్రేటర్ అనే కింది పదవుల మెట్లు తొక్కకుండా, 70లో కాన్సల్ అయ్యాడు. మామగారు పాపం 65లో ఈడిల్, 62లో ప్రేటర్ అంటూ మెట్టుమెట్టూ ఎక్కి 59కి గాని అక్కడికి చేరలేదు. వయసులో ఆరేళ్లే గాని పదవిలో అల్లుడు పదకొండేళ్లు పెద్ద. ఆ చమత్కారం ఎవరికీ తట్టలేదేం?

తూర్పుగాలి: తట్టినవారు పద్యం రాయాలి గదా, శేషపాదం గారూ. ఇదిగో నాది:
పురిటి నొప్పుల జూలియ పోవగానె
పెద్ద యెవ్వడో తేల్చగా బెనగి రకట!
వయసె కొలమాన మైనచో వాదమేల?
అల్లు డాఱేండ్లు మామకు నగ్రజుండు.

పూరణప్రియ: భేష్! సమస్యలోని వింతే తగవుకు తీర్పయింది. మూడో పాదం రెండుసార్లు పైకి చదువుకున్నాను.

శేషపాదం: నేనూ చదువుకున్నాను. ‘కొల’ తెలుగు, ‘మానం’ సంస్కృతం, వైరిసమాసం. ‘పరిమాణ’ అంటే గణమూ చెడదు. ‘పోవగానె’ కూడా తొందరపాటే. జూలియా పోయింది 54లో, మామా అల్లుళ్ల యుద్ధం మొదలైంది 49లో. మధ్యలో 53లో కరై యుద్ధంలో, వాళ్ల పొత్తులో మూడోవాడైన క్రాసస్ చచ్చాడు. 52లో పాంపే ఒంటరి కాన్సలై, కొర్నీలియాను పెళ్లాడి, కొత్త మామ మెటెల్లుస్ స్కిపియోను తన పక్కన రెండో కాన్సల్‌గా కూర్చోబెట్టుకున్నాడు. ఇంత కథ ‘గానె’లో ఇమిడిందా?

తూర్పుగాలి: కొలమానం జనం నోట నలిగిన మాట, మార్చను. వైరిసమాసాల సంగతి తమరే చెప్పాలి! పోయిన నెల ‘అత్తగారిని పెండ్లాడె నల్లు డపుడు’ పూరణలో తొలి చక్రవర్తి అగస్టస్ కూతురు జూలియాను విప్సానియాకు తల్లిని చేశారు. విప్సానియా అగ్రిప్పా మొదటి భార్య బిడ్డ. జూలియా సవతి తల్లి మాత్రమే. అగ్రిప్పా పోయాక క్రీ.పూ. 11లో టైబీరియస్ చేత విప్సానియాను వదిలించి జూలియాను కట్టబెట్టారు. అంటే పెండ్లాడింది సవతి అత్తను.

శేషపాదం: సవతి తల్లీ తల్లే. కన్నతల్లి అని నేను రాయలేదు. పద్యం తీసి చూసుకోండి.

నిర్వాహకుడు: ఆ తగవు ఆ సమస్య కిందే పెట్టుకోండి. తర్వాత ఎవరు?

కొత్తచిగురు:
బిబులు డింటిలో దాగెను భీతి తోడ;
కాన్సలయ్యెను సీజరు గర్వ మెసగ;
పాంపే సేనలు కాపుగా బలము నొసగె;
అల్లు డాఱేండ్లు మామకు నగ్రజుండు.

గణగంగ: మూడో పాదం ఎత్తుగడలోనే రెండు గురువులు, తేటగీతిలో అక్కడ చెల్లవు! ‘పాంపె’ అని కుదించినా సరే, పాంపే బిరుదు ‘మాగ్నుస్’ వాడి ‘మాగ్ను సేనలు కాపుగా మహిమ నొసగె’ అన్నా సరే. సీజర్‌తో పాటు ఆ ఏడు రెండో కాన్సల్ అయిన బిబులుస్ ఊరికే దాగలేదు. ఆకాశంలో శకునాలు చూస్తున్నానని ఇంట్లోంచే ప్రకటనలు పంపాడు. ఆ ఏడు కాన్సల్స్ ‘జూలియస్, సీజర్’ అని ఊళ్లో వెటకారం కూడా పుట్టింది.

పూరణప్రియ: జూలియా పోయాక సీజర్ తన సోదరి మనవరాలు ఆక్టేవియాను పాంపేకు ఇవ్వజూపి, పాంపే కూతురిని తనకిమ్మన్నాడు. పాంపే ఒప్పుకోలేదు గాని, ఒప్పుకుని ఉంటే మామ అల్లుడై, అల్లుడు మామై, ఈ సమస్యలో వింతే మిగిలేది కాదు!

శేషపాదం: కొత్తచిగురు గారూ, బిబులుస్‌ను పట్టుకున్నారు గాని బంగారాన్ని వదిలేశారు. ఆయన సీజర్ ప్రత్యర్థి కేటో కూతురు పోర్షియా మొగుడు. ఆయన 62లోనే ప్రేటర్. మామ కేటోకు ఆ పదవి 54లో గాని దక్కలేదు. అంటే సీజర్‌ను తిట్టిన గుంపులోనూ అల్లుడే పెద్ద. దీన్ని పద్యంలో పెట్టినవారికి నా ఓటు.

తూర్పుగాలి: పాదంలో ‘ఆఱు’ కూర్చుని ఉంది మహాశయా. బిబులుస్ ఏ ఏడు పుట్టాడో ముందు తేల్చి రండి.

నిర్వాహకుడు: ఈ వారం తాంబూలం తూర్పుగాలి గారికి. ‘పోవగానె’ మార్చి పంపితే పైన అతికిస్తాను.

తూర్పుగాలి: మార్చను.